పటాలంలో ఒక్క కుర్చీ

రామమోహనరావు ఇరవై రెండేళ్ళుగా ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లు గ్రూప్ ఫొటోల్లో వెనక వరసలోనే నిలబడుతూ వచ్చాడు. కుర్చీలు ఆఫీసర్లవి. తనలాంటి ఫోర్‌మన్ వెనక బల్ల ఎక్కి, ముందువాళ్ళ తలల మధ్య తన తల దూర్చుకోవాలి. నిరుడు అదీ కుదరలేదు. ఎవరిదో హెల్మెట్ అడ్డొచ్చి, ఫొటోలో అతనిది ఒక చెవి మాత్రం పడింది.

అందుకే 1983లో ఇంట్లో ఒక పాత ఫొటో దొరికాక మనిషి మారిపోయాడు. శ్రీకాకుళం వైపు ఒక జమీందారు పోషించిన సొంత పటాలం ఫొటో, 1887లో తీసింది. పందొమ్మిది మంది, ఒకే ఒక్క కుర్చీ. అందులో ముత్తాత నరసింగరావు ఉన్నాడని ఇంట్లో చెప్పుకునేవారు. ఏ మనిషో ఎవరూ చెప్పలేదు. రామమోహనరావుకి చెప్పనక్కర్లేకపోయింది. కుర్చీ పెద్దవాడిది కాక ఎవరిది? వారం తిరిగేసరికి తన మీసాలు కూడా కుర్చీలో ఆయనలాగే కిందికి దువ్వసాగాడు.

"ముక్కు కూడా మార్చీసుకోండి, సరిపోద్ది," అంది భార్య హైమవతి.

ఆ హిందీ ఊళ్ళోని తెలుగు సంఘం రజతోత్సవ సంచికలో ఫొటో వేస్తామన్నారు. అక్కడే చిక్కొచ్చింది. సంఘం అధ్యక్షుడు ధర్మారావు అతని మిల్లుకే పై ఆఫీసరు. ఫొటో చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"మా ముత్తాతగారు ఈ పటాలానికి పెద్ద, జమేదారండీ. కుర్చీలో ఉన్నది ఆయనే."

"ఏటండీ సార్, ఫొటో మాది."

"ఫొటో మీదేనయ్యా. కుర్చీ మాది."

మూడు రోజులు రామమోహనరావుకి అన్నం సయించలేదు. బతికున్నవాళ్ళ కుర్చీలన్నీ ఈ ఆఫీసర్లకే వదిలేశాడు. చచ్చిపోయినవాడిది కూడా వదలాలా?

ఊరి చివర కోహ్కా బస్తీలో పోలమ్మ అనే ముసలామె తండ్రి ఆ పటాలంలో పనిచేశాడని తెలిసింది. ఇద్దరూ ధర్మారావు కారులోనే బయల్దేరారు. దారిలో సుపేలా బజారులో ధర్మారావు డజను అరటిపళ్ళు కొన్నాడు. అది చూసి రామమోహనరావు డజనున్నర కొన్నాడు.

తొంభై ఏళ్ళ పోలమ్మ పటాన్ని వెలుతురుకి పట్టి, బోసినోటితో నవ్వింది.

"ఈడు మాయయ్య."

"కుర్చీలోనా?" ఇద్దరూ ఒకేసారి అన్నారు.

"ఔను బాబూ. గుర్రాలు తోమీవోడు. గుర్రం తన్నీసి కాలిరిగిపోనాది. నిలబడ్లేడని కూకోబెట్టినారు. ఈ పటం దివాణంల గోడకుండీది. నన్నెత్తుకుని ఒక్కొక్కడి పేరూ సెప్పీవోడు."

"మరి జమేదారు?" ధర్మారావు గొంతు తగ్గింది.

"ఇదిగో, ఈ మూల నిలబడున్నోడు. రాజావోరు ఎదురుగుండి పటం తీయించినారు కాదా, ఆరి ముందల కాళ్ళున్నోడెవుడైనా కూకుంటాడేటి?"

"నరసింగరావో?" అన్నాడు రామమోహనరావు.

ఆమె వేలు వెనక వరసలో ఒకచోట ఆగింది. అక్కడ మెడ ఉంది, తలపాగా ఉంది. మధ్యలో మొహం ఉండాల్సిన చోట తెల్లటి మసక.

"పటం తీస్తన్నంతసేపూ కదలకూడదు కదా, రాజావోరు తన్ని సూస్తన్నారో లేదో అని తల తిప్పీసినాడు. మాయయ్య తలుసుకుని నవ్వీవోడు."

సంచికలో ఆ ఫొటో పడలేదు. జాగా చాల్లేదన్నాడు ధర్మారావు. మూత్రపిండాల్లో రాళ్ళు కరిగించే మందు ప్రకటనకి మాత్రం పేజీ నిండా జాగా దొరికింది.

మరుసటేడు అతని రిటైర్మెంటు. ఆ రోజు గ్రూప్ ఫొటోలో మాత్రం నడిమి కుర్చీ రిటైరయ్యేవాడిదే. ధర్మారావు స్వయంగా భుజం పట్టి కూర్చోబెట్టాడు. రామమోహనరావు పొంగిపోవాల్సింది. బదులుగా చెయ్యి దానంతటదే మోకాలు తడుముకుంది. నిలబడ్లేడని కూకోబెట్టినారు.

"హిలియే మత్!" అన్నాడు ఫొటోగ్రాఫరు, కదలొద్దని.

పక్క కుర్చీలో ధర్మారావు నవ్వుతున్నాడా? రామమోహనరావుకి అది తెలియాలి, ఇప్పుడే తెలియాలి.

వారానికి ఫొటో వచ్చింది. కుర్చీలో రామమోహనరావు నిండుగా కూర్చున్నాడు, మెడలో దండతో. మొహం ఉండాల్సిన చోట చెవి ఉంది.