ఎస్తేరు గోడ కింది నేల

ఇస్రాయేలు సమ్మెట ఎత్తి, ఊపిరి బిగబట్టి, నేలమీది పోత ఇనుప పలకపై ఒక్క దెబ్బ వేసి వెంటనే వెనక్కి లాక్కున్నాడు. దెబ్బతోపాటు నోట "హుఁ" రాకూడదు. సమ్మెట ఎగిరి రెండోసారి పలకను తాకకూడదు. ఈ రెండూ అతనికి ఒక పట్టాన అబ్బలేదు. వయసు వచ్చినప్పటినుంచీ బండలు పగలగొట్టిన చేతులవి. దెబ్బ వెంట ఒళ్ళంతా పోతుంది, గొంతు తనంతట తానే అరుస్తుంది. మొదటిరోజు అలాగే కొట్టి పలకను రెండు చెక్కలు చేశాడు. మెచ్చుకుంటారనుకుని నవ్వుతూ చుట్టూ చూశాడు. ఎవరూ మెచ్చుకోలేదు.

పలక దగ్గరనుంచి బడి గోడ దాకా నేలలో వరసగా గుచ్చిన చిన్న యంత్రాలు దెబ్బకు పుట్టిన కదలికను పట్టి శ్రీనాథ్ ముందున్న పెట్టెకు పంపుతాయి. గట్టినేలలో కదలిక వేగంగా పోతుంది, మెత్తనేలలో నెమ్మదిగా పోతుంది. గుజరాత్ భూకంపం తరువాత, ఏ నేల ఎంత ఊగుతుందో పటం గీయడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు శ్రీనాథ్. సమ్మెట కొట్టే కూలీ ఇస్రాయేలుతో గద్వాల నుంచి కోడేరు దాకా తిరిగి, ఇప్పుడు వీపనగండ్ల దగ్గరున్న అతని సొంత ఊరికి వచ్చాడు.

ఇస్రాయేలుది పొట్టి మెడ. కుడి భుజం కిందికి దిగి ఉంటుంది. కంటి కింద రాతిపెచ్చు కోసిన మచ్చ. అరచేతులు ఎండిన తోలులా బిరుసెక్కి, పూర్తిగా తెరుచుకోవు. కంకర కొట్టడానికి అతను పోని ఊరు లేదు. పెద్దవానలకు గోడ కూలి భార్య ఎస్తేరు చనిపోయిననాడు కూడా అతను పుణె అవతల రాళ్ళు కొడుతున్నాడు. వచ్చేసరికి మట్టి కూడా ఎత్తేశారు. మిగిలింది ఊరి మాట ఒక్కటే: మట్టి సరిగా తొక్కకుండా గోడ పెట్టాడు, పెళ్ళాన్ని చంపుకున్నాడు.

ఆ మాట మొదట అన్నది సర్పంచ్ కురుమయ్య. పాత వాగుపాయను పూడ్చి ఇస్రాయేలు వాళ్ళ వాడకు ప్లాట్లు పంచిందీ ఆయనే. ఇప్పుడు అదే నేలమీద సర్కారు ఇళ్ళు కట్టిస్తానంటున్నదీ ఆయనే.

"అయిపోయింది. సామాను సర్దండి," అన్నాడు శ్రీనాథ్.

"మా వాడల కొట్టలే సారూ."

"పటంలో అక్కడ గుర్తు పెట్టలేదు పెద్దాయనా. ఊరికి ఒకచోటే."

"మా వాడ ఊరు కాదా మరి?"

శ్రీనాథ్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "శ్రీరంగాపూర్ పోవాలి. టైం లేదు."

ఇస్రాయేలు సమ్మెట భుజాన వేసుకుని దిగువకు నడిచాడు.

"అరే, సమ్మెట మాది!"

"తెల్సు. మా గల్లీల ఉంటది. ఒచ్చి తీస్కపోండ్రి."

శ్రీనాథ్‌కు వెంట పోక తప్పలేదు. వైర్ల చుట్టలు మోస్తూ కూలీలూ దిగారు. ఇస్రాయేలు పక్కింటి కిష్టమ్మ గుమ్మంలో కారం దంచుతోంది.

"ఏం బావా, సార్లను ఊరేగింపు లెక్క తోల్కొస్తున్నవ్?"

"రోకలి ఆపు కిష్టమ్మా. నేల సప్పుడు ఇనాలె."

"ఇన్నేండ్ల సంది మన సప్పుడే ఎవడూ ఇనలే. ఇగ నేలది ఇంటరా?" అని నవ్వింది. అయినా రోకలి పక్కన పెట్టింది.

శ్రీనాథ్ గల్లీని ఈ చివరినుంచి ఆ చివరికి చూశాడు. కోపం తెచ్చుకోబోయి మానుకుని, వైరు విప్పమన్నాడు. మేకలను మెడపట్టి ఆపారు. పిల్లలను మంచాలెక్కించారు. ఎస్తేరు మీద కూలిన గోడ ఉండినచోట ఇస్రాయేలు పలక పరిచాడు.

అప్పుడొచ్చాడు కురుమయ్య, మోటార్ సైకిల్ మీద. ఇంజన్ ఆపలేదు. గల్లీ మొదట్లో నిలబెట్టి ఇంకా రేజ్ చేశాడు.

"ఏందిరా ఇస్రాయేలూ, హైదరాబాద్ సారుకే పని చెప్పేటోడివైనవ్? ఈ నేలకేమైంది? గోడ కట్టుడు రాక పెండ్లాన్ని సంపుకొని, నేల మీదికి తోస్తవా?"

ఇస్రాయేలు వంగి పలక కింది గులకరాయి ఏరి పారేశాడు.

"సార్, బండి ఆపండి. ఆ అదురుకు ఇక్కడేమీ తెలియదు," అన్నాడు శ్రీనాథ్.

"ఆపితే మల్ల స్టార్ట్ కాదు."

కిష్టమ్మ కారం చేత్తోనే వచ్చి తాళంచెవి లాగి బొడ్లో దోపుకుంది. "కాకుంటే మేం నూకుతం తియ్ సర్పంచ్ సాబ్. ఓట్లప్పుడు నూకలేదా?"

గల్లీ అంతా నవ్వింది. తరువాత అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

ఇస్రాయేలు కొట్టాడు. గొంతులోంచి ఏమీ రాలేదు. బడి దగ్గర ఖంగుమన్న పలక ఇక్కడ మూలిగి మట్టిలోకి దిగింది. మళ్ళీ కొట్టాడు. ఇంకా దిగింది.

శ్రీనాథ్ పెట్టెను చాలాసేపు చూశాడు. "చాలా నెమ్మదిగా వస్తోంది. లోతు దాకా మెత్త మట్టే. భూకంపం వస్తే బడి దగ్గరకన్నా ఇక్కడ చాలా ఎక్కువ ఊగుతుంది."

"పటంల రాస్తవా?"

"రాస్తాను."

"మల్ల నా గోడ?"

శ్రీనాథ్ తటపటాయించాడు. "వానకు ఇలాంటి నేల కుంగుతుంది. కానీ ఇది నేల సంగతే చెబుతుంది. గోడ ఎట్లా కట్టారో దీనికి తెలియదు."

ఇస్రాయేలు మట్టిలో దిగబడిన పలకను ఊడబెరికాడు. తరువాత కురుమయ్య వైపు తిరిగాడు.

"ఇన్నవు గద. సగం నీది. మిగిలింది నాదో వానదో నాకు తెల్వదు. నీ సగం నువ్వు మొయ్."

కురుమయ్య చెయ్యి తాళంచెవి లేని బండిమీదే ఉండిపోయింది.

మర్నాడు ఆయన ట్రాక్టర్ పంపాడు. ఇస్రాయేలు గుమ్మం ముందు పునాది రాళ్ళు దించారు. మొదటి రాయికి పసుపు పూసి ఉంది. వాడలో మొదటి ఇల్లు నీకేనని సర్పంచ్ చెప్పమన్నాడట. ఇస్రాయేలు అప్పటికే పైకెక్కి కప్పురేకులు ఊడదీస్తున్నాడు.

"ఒద్దనకు బావా," అంది కిష్టమ్మ. "యాడికి పోతవ్?"

"బడి పక్కన బండ మీద గుడిసె ఏస్త."

"అది సర్కారు జాగ. తన్ని ఎల్లగొడ్తరు."

"కొట్టనీ. గట్టి నేల మీద నిలబడి తింట తన్నులు."

రేకుల మోపు, ఊడదీసిన తలుపు వీపుకు కట్టుకుని ఎగువకు నడిచాడు. తలుపు అంత మనిషిని కప్పేసింది. కింద నల్లటి కాళ్ళు మాత్రం కదులుతూ కనిపించాయి. వెనక్కి తిరిగి చూడలేదు. కిష్టమ్మ రోటి దగ్గర కూర్చుంది, దంచలేదు.

ఆ రాళ్ళను ఎవరూ ముట్టలేదు. వానలు పడ్డాక పసుపు పూసిన రాయి ఒక పక్కకు ఒరిగి, దించినచోటే మట్టిలోకి దిగుతూ ఉండిపోయింది.