సకినం తాగిన నీళ్లు

కిందటేడు దీపావళికి వీధిలో పేలిన బాంబు చప్పుడుకు సకినం గేటు దూకి పారిపోయింది. రెండు రోజులు వెతికితే చిలకలగూడలో ఒక మెకానిక్ షెడ్డులో, పాత కారు అడుగున వణుకుతూ దొరికింది. అప్పటినుంచి ఏ పండగ వచ్చినా భవానికి మొదటి గుబులు ఆ కుక్క గురించే.

నాలుగేళ్ల కిందట వానలో తడుస్తున్న కుక్కపిల్లను కూతురు హిమజ స్కూలు బ్యాగులో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. తోక సంక్రాంతికి చేసే సకినంలా గుండ్రంగా చుట్టుకుని ఉందని ఆ పేరు పెట్టింది కూడా హిమజే. "మనుషులకే జాగ లేదు ఈ ఇంట్ల, మల్ల ఇదొకటా?" అని అత్తగారు బుచ్చమ్మ సణిగింది. సణిగిందే గానీ, మధ్యాహ్నాలు అది పడుకునేది ఆమె మంచం కిందనే.

సద్దుల బతుకమ్మ రోజు పద్మారావు నగర్‌లోని ఆ ఇల్లు పొద్దున్నుంచే చుట్టాలతో నిండిపోయింది. గేటు మూసేవాళ్లు లేరు. భవాని వచ్చినవాళ్లందరికీ చెప్పింది, పిల్లలకు రెండేసి సార్లు చెప్పింది: "సకినానికి రొట్టె, బెల్లం మలీద పెట్టొద్దు. స్వీట్లు అసలే పెట్టొద్దు. గొలుసు ఎవ్వరు ఇప్పొద్దు." తర్వాత దాన్ని తీసుకెళ్లి పెరట్లో బట్టలుతికే చోట, నల్లా పక్కన కట్టేసింది. అక్కడ నీడ ఉంది, జనం తొక్కిడి లేదు. ఇక బెంగ లేదనుకుంది.

దాని నీళ్ల గిన్నె మాత్రం వసారాలోనే ఉండిపోయింది. పూలు పోసుకోవడానికి చోటు కావాలని ఎవరో దాన్ని సోఫా కిందికి నెట్టారు. హిమజ పెడుతుందిలే అనుకుంది భవాని. అమ్మ పెట్టే ఉంటుందనుకుంది హిమజ.

నల్లా దగ్గర నీలం టబ్బు ఉంది. పొద్దున హిమజ ఎదురింటి శారదమ్మ గారి దొడ్లోంచి గన్నేరు కొమ్మలు కోసుకొచ్చి, వాడిపోకుండా ఆ టబ్బులో నిలబెట్టింది. బతుకమ్మకు పూలు తుంపుకున్నాక కొమ్మలూ ఆకులూ ఆ నీళ్లలోనే ఉండిపోయాయి. సకినం గొలుసు అక్కడిదాకా అందుతుంది.

మధ్యాహ్నం ఒంటిగంటకు హిమజ వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, సకినం కక్కుతున్నడు. నోట్లెకెళ్లి నురుగు కారుతున్నది."

భవాని చేతిలో నైవేద్యానికి నువ్వుల సద్ది కలుపుతున్న గరిటె ఉంది. స్టవ్ మీద పులిహోర పోపు మాడుతోంది. "ఎవరో ఏదో పెట్టిన్రు. చెప్తే వింటరా?" అంది విసుగ్గా. లోపలినుంచి బుచ్చమ్మ, "ఎండకు అయ్యుంటది. జెర మజ్జిగ తాపు బిడ్డా, తగ్గుతది" అంది.

"డాక్టర్ దగ్గరికి తీస్కపోదామా?"

"బతుకమ్మను పేర్చుడు కానియ్. అయినంక చూద్దాం."

ఆ మాట అన్నది తనే. తర్వాతి రోజుల్లో భవానికి ఎన్నిసార్లు గుర్తుకొచ్చినా అది అదే గొంతుతో, అదే విసుగుతో వినిపించేది.

మూడింటికి చూస్తే సకినం లేవలేకపోతోంది. కాళ్లు వణుకుతున్నాయి. పిలిస్తే తోక కొస కదిపింది, అంతే. భవాని పట్టుచీర మీదే దాన్ని ఒళ్లోకి ఎత్తుకుంది. భర్త ఓంప్రకాశ్ ఆటో తెచ్చాడు. పండగపూట దగ్గర్లోని రెండు క్లినిక్‌లూ మూసి ఉన్నాయి. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే బొల్లారంలో ఒక డాక్టరమ్మ ఉందని తెలిసింది. దారి పొడుగునా తలల మీద బతుకమ్మలతో ఆడవాళ్లు రోడ్డు దాటుతున్నారు. ఆటో ఆగినప్పుడల్లా హిమజ, "అన్నా, జెర జల్ది పోనియ్యన్నా" అని ఏడుస్తూ బతిమాలింది.

డాక్టర్ బ్యూలా ఇంటి ముందుగదే క్లినిక్. ఆమె స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. సెలైన్ పెట్టి, ఇంజక్షన్ చేసి, హిమజను బయట కూర్చోమని పంపింది. అప్పుడు నెమ్మదిగా అడిగింది.

"బతుకమ్మకు ఏ పూలు వాడారమ్మా?"

"తంగేడు, గునుగు, బంతి... కొంచెం గన్నేరు."

"గన్నేరు దీనికి అందేచోట ఉందా?"

భవానికి నీలం టబ్బు కళ్ల ముందు కనిపించింది. "కొమ్మలు టబ్బుల నీళ్లల్ల పెట్టినం. ఆకులు తినలేదు మేడమ్, ముట్టనే లేదు."

"తినక్కర్లేదమ్మా. ఆ నీళ్లు తాగినా చాలు. గుండె మీద పనిచేస్తుంది." ఆమె సెలైన్ చుక్కల వేగం సరిచేసింది. "కక్కడం మొదలైనప్పుడే తెచ్చుంటే కొంత ప్రయత్నం చేసేదాన్ని."

సాయంత్రం ఐదున్నరకు సకినం పోయింది. మళ్లీ లోపలికి వచ్చిన హిమజ దాని చెవి పట్టుకుని కూర్చునే ఉంది. ఊపిరి ఆగిందని ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పనిలేకపోయింది.

"ఏమైంది అమ్మా వానికి?"

పదహారేళ్ల పిల్ల. ఆ కొమ్మలు తన చేత్తో కోసి, తన చేత్తో నీళ్లలో పెట్టిన పిల్ల. భవాని ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "నాదే తప్పు బిడ్డా. నీళ్ల గిన్నె పెట్టుడు మర్చిన. ఎండల కట్టేసిన. గుండె ఆగిందట."

హిమజ తల్లి మొహంలోకి చూసింది. చెయ్యి వెనక్కి లాక్కుంది.

క్లినిక్ వెనక ఖాళీ జాగాలో, అంతకుముందు ఎవరెవరివో పెంపుడు జంతువులను పూడ్చిన చోట, ఓంప్రకాశ్ గొయ్యి తవ్వాడు. భవాని డాక్టరమ్మ ఇచ్చిన పాత దుప్పట్లో దాన్ని చుట్టింది. హిమజ మెడపట్టీ విప్పబోయి, మళ్లీ అలాగే ఉంచేసింది.

ఇంటికొచ్చేసరికి చుట్టాలు బతుకమ్మను తీసుకుని వెళ్లిపోయారు. బుచ్చమ్మ ఒక్కతే పెరట్లో, తడి గచ్చు మీద కూర్చుని ఉంది. ఆటకు పోలేదు, అన్నం తినలేదు. కొడుకు ఉత్తచేతులు చూసి, "అయ్యో, దవాఖానకు పొమ్మనక మజ్జిగ తాపుమన్నకదనే" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండు రోజులు హిమజ తల్లితో మాట్లాడలేదు. పెట్టింది తిన్నది, అడిగితే తలూపింది. భవానికి ఆ మౌనం కత్తిలా దిగేది. అయినా నిజం చెప్పే ధైర్యం రాలేదు. తన మీద కోపంతో ఉన్నా సరే, ఆ పిల్ల తనను తాను తిట్టుకుంటూ బతకకూడదు, అంతే.

దసరా పొద్దున ఆమె టబ్బు కడిగి బోర్లిస్తుంటే హిమజ వచ్చి గడపలో నిలబడింది.

"అమ్మా, డాక్టర్ చెప్పింది నేను విన్న. తలుపు సందుల కెళ్లి విన్న."

భవాని టబ్బు వదిలేసి నిలబడింది.

"గన్నేరు పెట్టింది నేను. నువ్వు నీ మీద ఎందుకేస్కున్నవ్?"

"కట్టేసింది నేనేగదా. తర్వాత చూద్దామన్నది నేనేగదా..."

"నువ్వు అట్ల చెప్తుంటే నాకింక బాధ ఎక్కువైందమ్మా. నాకు తెలుసని చెప్తే నువ్వు ఏడుస్తవని చెప్పలే." హిమజ గోడకు ఆనుకుని జారి కూర్చుంది. భవాని తడిచేతులతోనే ఆ పిల్లను దగ్గరికి లాక్కుంది. "తెల్వదు బిడ్డా, మనకు తెల్వదు" అంది. ఇద్దరూ ఆ గచ్చు మీదే కూర్చుని, బతుకమ్మ రోజునుంచి బిగబట్టిన ఏడుపంతా ఏడ్చారు.

సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని వీధిలోవాళ్లు వచ్చారు. పొద్దున పెరట్లో తల్లీకూతుళ్ల మాటలన్నీ విన్న బుచ్చమ్మ వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్లు తన చేతిలో జమ్మి పెట్టి కాళ్లకు దండం పెడితే దీవించి, లేచినవాళ్లను లేచినట్టే చెయ్యి పట్టుకుని ఆపింది.

"మీ ఇంట్ల కుక్క ఉందా? పిల్లి? ఆవు ఉందా? గన్నేరు కొమ్మలు నీళ్లల్ల పెట్టకుండ్రి. ఆ నీళ్లు తాగితే సస్తయ్. మాది సచ్చిపోయింది."

శారదమ్మ గారు వింటూ నోటిమీద చెయ్యి వేసుకుంది. మిగిలినవాళ్లు పండగపూట ఈ మాటేందన్నట్టు మొహాలు చూసుకున్నారు. బుచ్చమ్మ పట్టించుకోలేదు. తర్వాత వచ్చినవాళ్లకూ అదే చెప్పింది. లోపల భవాని, హిమజ తలుపు పక్కన నిలబడి, ఆ మాట చెప్పినప్పుడల్లా ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకున్నారు.