చివర దిగేవాళ్లు

మా ఆయనకు నలభై నాలుగేళ్లు. మా సంఘంలో యువజన విభాగాన్ని ఆయనే చూస్తారు. జుట్టు సగం నెరిసింది, మెట్లెక్కితే మోకాళ్లు మొరాయిస్తాయి, అయినా పిల్లలందరికీ ఆయన 'యూత్ అన్నయ్య'. పాస్టరు గారు ప్రతి ఏడాదీ, "ఈ ఒక్క సంవత్సరం చూడు తమ్ముడూ, తర్వాత ఎవరో ఒకరికి అప్పగిద్దాం" అంటారు. ఆ ఎవరో ఒకరు ఇంకా పుట్టలేదు. పుట్టినా, ఈయన చేసే పనంతా చూస్తే పారిపోతాడని నా నమ్మకం.

యూత్ పని అంటే నాలుగు పాటలు పాడించి వాక్యం చెప్పడమేనని బయటివాళ్లు అనుకుంటారు. పెళ్లికి ముందు నేనూ అలాగే అనుకున్నాను. శనివారం సాయంత్రం మీటింగ్ అంటే మధ్యాహ్నమే వెళ్లి హాలు తాళం తియ్యాలి. ఎవరో అడ్డదిడ్డంగా వదిలేసిన కుర్చీలు గుండ్రంగా వెయ్యాలి. మైకు గీపెడితే వైరు కదపాలి. కీబోర్డు వాయించే కుర్రాడికీ డ్రమ్స్ వాయించే కుర్రాడికీ మాటల్లేవు కాబట్టి వాళ్ల మధ్య కూర్చుని రాజీ చెయ్యాలి. రాని పిల్లలకు ఫోన్లు చెయ్యాలి, వచ్చిన పిల్లల తల్లుల ఫోన్లు ఎత్తాలి. మర్నాడు ఆరాధన అయ్యాక పెద్దలంతా చుట్టుముట్టి, పిల్లలు ప్రార్థన టైములో ఫోన్లు చూసుకుంటున్నారని ఈయన్ని వాయించేస్తారు, ఆ ఫోన్లన్నీ ఈయనే కొనిచ్చినట్టు. ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి మనిషి పిండి ఆరేసిన గుడ్డలా ఉంటారు. నేను ల్యాబులో రక్తం తీస్తాను, రోజంతా నిలబడే పని. ఇద్దరిలో ఎవరు ఎక్కువ అలసిపోయారో పోట్లాడుకోవడానికి కూడా మాకు ఓపిక ఉండదు.

అసలు పని జరిగేది వ్యానులో. మీటింగ్‌లో 'మీ ప్రార్థన అవసరతలు చెప్పండి' అంటే అందరూ పరీక్షల గురించే చెబుతారు. ఆ పిల్లల బాధలన్నీ పరీక్షలే అయితే ఎంత బాగుండేదో. మీటింగ్ అయ్యాక సంఘం వ్యానులో ఈయనే అందర్నీ ఇళ్ల దగ్గర దింపుతారు. ఒక్కొక్కరే దిగిపోగా చివర మిగిలినవాళ్లు అప్పుడు నోరు విప్పుతారు, అదీ సరిగ్గా వాళ్లిల్లు వచ్చే మలుపు దగ్గర. ఈయన బండి పక్కకు తీసి ఇంజను ఆపేస్తారు. ఈ సంగతి పిల్లలకీ తెలుసు. కడుపులో ఏదైనా పెట్టుకున్నవాళ్లు ఆ రోజు చివర దిగడానికి నానా తంటాలు పడతారు. పక్క వీధి పిల్ల ఊరవతల పిన్ని ఇంట్లో పనుందంటుంది. ఇంకొకడు తన ఇల్లు వచ్చినప్పుడు నిద్ర నటిస్తాడు. అందరిదీ ఒకటే మొదటి మాటట: "అన్నయ్యా, మా నాన్నకి చెప్పకండి." ఈయన చెప్పరు. నాకూ చెప్పరు.

ఆమధ్య ప్లంబరు మా గుమ్మంలో నిలబడి అడిగాడు కూడా. మా సంఘం మనిషే, కొడుకు యూత్‌కు వస్తాడు. "మావాడు మీకేదో చెప్పాడు బ్రదర్. ఇంట్లో ముఖం వేలాడేసుకుని తిరుగుతున్నాడు. ఏంటో చెప్పండి" అన్నాడు. ఈయన అతని భుజం మీద చెయ్యి వేసి, "వాడే చెబుతాడన్నా, కొంచెం ఆగు" అన్నారు. ప్లంబరు ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు. నేనైతే చెప్పేసేదాన్ని.

మా అమ్మాయి మాత్రం వ్యానులోంచి అందరికంటే ముందు దిగిపోతుంది. దారిలో మా ఇల్లు మొదట వస్తుందని కాదు. అది ఉంటే మిగతావాళ్లు మాట్లాడరని ఈయన పెట్టిన పద్ధతి. బండి మా వీధికి తిప్పి, దాన్ని దింపి, వచ్చిన దారినే వెనక్కి వెళతారు. పదహారేళ్ల పిల్ల, కుర్చీలు వెయ్యడానికి ముందు వెళ్లేదీ అదే, ఇంటికి ముందు వచ్చేదీ అదే. ఇందులో మాకెప్పుడూ తప్పేమీ కనిపించలేదు.

కొన్నాళ్లుగా ఆ పిల్ల మామూలుగా లేదు. శనివారం వచ్చిందంటే తలనొప్పి అంటుంది. కంచంలో అన్నం కెలికి లేచిపోతుంది. గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంటుంది. ఏమైందే అంటే, "ఏం లేదమ్మా." నొప్పి తెలియకుండా రక్తం తీస్తానని ల్యాబులో నాకు పేరు. కన్నకూతురి నోట్లోంచి ఒక్క మాట తియ్యలేకపోయాను.

ఒకరోజు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"సంఘంలో పిల్లలందరి గుట్టూ మీ దగ్గరుంది. మన పిల్లకి ఏమైందో చెప్పండి చూద్దాం" అన్నాను.

"నాతో మాట్లాడట్లేదు. అడిగితే నవ్వేసి ఊరుకుంటోంది" అన్నారు. ఆ గొంతు విన్నాక నా కోపం చల్లారి భయం పట్టుకుంది. పిల్లలు అలా నోరు కట్టేసుకుంటే ఎంతదాకా పోతుందో ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఆ వ్యానులో ఏమేం విన్నారో, ఆయన ముఖం నాకంటే పాలిపోయి ఉంది.

ఆ వచ్చిన ఆదివారం భోజనాలయ్యాక ఆయన హాల్లో పడక్కుర్చీలో వాలారు. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. అమ్మాయి వచ్చి ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. ఏదో మెల్లగా చెబుతోంది, ఆయన ఊఁ కొడుతున్నారు. నా ప్రాణం లేచొచ్చింది. వాళ్లకు అడ్డం పడకూడదని నీళ్ల పంపు కూడా సన్నగా తిప్పుకున్నాను. పనయ్యాక వెళ్లి చూస్తే ఆయన గుర్రు పెడుతున్నారు, కళ్లజోడు మడిచి బల్ల మీద పెట్టి ఉంది, అమ్మాయి తన గదిలో ఉంది. చెప్పుకోవాల్సింది చెప్పుకుని ఉంటుందిలే అనుకున్నాను. సాయంత్రం ఆయన్ని అడిగితే, "ఏదో కాలేజీ సంగతులు చెప్పింది" అన్నారు. అంతకుమించి ఆయన దగ్గర ఏమీ రాలేదు. అమ్మాయి మర్నాటి నుంచి ఇంకా ముడుచుకుపోయింది.

తర్వాతి శనివారం మీటింగ్ అవగానే పెద్దలు ఈయన్ని కమిటీ గదిలోకి పిలిచారు. వేసవి శిబిరం గురించి అర్జెంటుగా మాట్లాడాలట. మా కమిటీకి అర్జెంటు కానిదేదీ ఉండదు. చర్చి వెనక పంపులు బాగుచేస్తున్న ప్లంబరు చేతిలో వ్యాను తాళాలు పెట్టి, "అన్నా, ఈ ఒక్క పూట పిల్లల్ని దింపెయ్" అన్నారట ఈయన. ఆ సాయంత్రం అమ్మాయి వాళ్ల నాన్నకంటే కొంచెం ముందు ఇంటికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. దుమ్ము పడిందంది. అన్నం మాత్రం ఆ పూట కడుపునిండా తిన్నది, అందుకని నేనింకేమీ తరచి అడగలేదు.

సోమవారం ఈయనకు సెలవు. మా సింకు కింద పైపు కారుతుంటే ప్లంబరును పిలిచాం, నేనూ ల్యాబుకు సెలవు పెట్టి ఉన్నాను. అమ్మాయి కాలేజీకి వెళ్లింది. ప్లంబరు సింకు కిందకు దూరి పడుకున్నాడు, బయటికి కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. మా ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ కునికిపాట్లు పడుతున్నారు.

"పాప ఎలా ఉందమ్మా ఇప్పుడు?" అన్నాడు ప్లంబరు లోపల్నించి.

"ఇప్పుడు అంటే?" అన్నాను.

లోపల స్పానరు చప్పుడు ఆగిపోయింది. "ఏం లేదమ్మా, ఊరికే అడిగా."

నాకు తెలిసిన మనిషే, ఊరికే ఏదీ అడగడు. మా ఆయన నిద్ర వదిలిపోయింది. గ్లాసు పక్కన పెట్టి, తడి నేల మీదే కూర్చుని సింకు కిందకు తల వంచారు.

"శనివారం మా అమ్మాయి నీకేమైనా చెప్పిందా అన్నా?"

"నాకు మీ పద్ధతులు తెలీదు కదా బ్రదర్. ఎవర్ని ముందు దింపాలని అడిగా. నన్ను చివర దింపండి అంకుల్ అంది. సరే అన్నా."

"ఏం చెప్పింది?"

"చెప్పొద్దంది."

"నేను దాని తండ్రిని అన్నా."

"నేను కూడా మావాడికి తండ్రినే కదా బ్రదర్. మీ గుమ్మంలో నిలబడి అడిగితే కొంచెం ఆగమన్నారు. ఆగుతున్నా ఇంకా."

ఎత్తిపొడుపుగా అని ఉంటే బాగుండేది, నాలుగు మాటలు నేనూ అనేదాన్ని. మామూలుగా, పైపు కొలత చెబుతున్నట్టు అన్నాడు. మా ఆయన మళ్లీ అడగడానికి మొహమాటపడ్డారు. నాకు అలాంటి మొహమాటాలేవీ లేవు.

"ఆయనకొద్దు, నాకు చెప్పన్నా. కావాలంటే ఆయన్ని బయటికి పంపిస్తాను."

"అమ్మకి కూడా వద్దందమ్మా."

"పోనీ మేం భయపడాల్సిందా, కాదా? అదొక్కటి చెప్పు."

ప్లంబరు బయటికి జరిగి, లేచి కూర్చుని, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తుడిచిన వేళ్లే మళ్లీ మళ్లీ తుడిచాడు.

"ప్రాణాల మీదకి వచ్చేదేం కాదమ్మా. కానీ పిల్ల బాగా ఏడ్చింది. ఇంకోటుంది. అదీ చెప్పొద్దనే అంది, ఈ ఒక్కదానికి మాట తప్పుతా." మా ఆయన వైపు తిరిగాడు. "మీకు ముందే చెప్పిందంట బ్రదర్. అంతకుముందు ఆదివారం మీ పక్కన కూర్చుని మొత్తం చెప్పిందంట. మీరు ఊఁ, ఊఁ అన్నారంట. చివర్లో తలెత్తి చూస్తే మీరు నిద్రపోతున్నారంట. నాన్నకి తెలిస్తే బాధపడతాడు, చెప్పకండి అంకుల్ అంది."

తర్వాత అతను పైపు బిగించాడు, పంపు తిప్పి చూపించాడు, ఇక కారదని చెప్పి సంచి తీసుకుని వెళ్లిపోయాడు. మా ఆయన ఆ తడిలోనే కూర్చుండిపోయారు. నాకు ఆయన మీద ఒళ్లు మండింది, జాలీ వేసింది, రెండూ ఒకేసారి. ఊళ్లో పిల్లలందరికీ తెరిచి ఉండే చెవులు కన్నబిడ్డ దగ్గరే మూతపడ్డాయని కడిగెయ్యాలనిపించింది. కానీ పంపు సన్నగా తిప్పుకుని మురిసిపోయింది నేనే కదా. గుడ్డ తెచ్చి ఆయన చేతికిచ్చాను. ఆయన నేల తుడిచారు.

అమ్మాయి వచ్చేసరికి ఆయన ఇంకా వంటింట్లోనే ఉన్నారు.

"ఆ రోజు నువ్వు నాకు చెప్పింది మళ్లీ చెప్పమ్మా. నేను వినలేదు" అన్నారు.

అమ్మాయి నా వైపు చూసింది, సింకు వైపు చూసింది. "అంకుల్ చెప్పేశారా?"

"నువ్వేం చెప్పావో చెప్పలేదు. నేను నిద్రపోయానని మాత్రం చెప్పాడు."

"ఇప్పుడొద్దులే నాన్నా. అలసిపోయున్నావు."

"అలసిపోయాను. అయినా చెప్పు" అంటూ ఆయన స్టూలు లాక్కున్నారు.

"కూర్చోకు. కూర్చుంటే పడుకుంటావు. నిలబడి విను."

అది తమాషాకు అన్నది కాదు. ఆయన స్టూలు వదిలేసి ఫ్రిజ్‌కు ఆనుకుని నిలబడ్డారు. అమ్మాయి భుజానికున్న సంచి కూడా దించలేదు.

"యూత్‌లో నాకు ఒక్క ఫ్రెండ్ కూడా లేరు నాన్నా. హాల్లో అందరూ నవ్వుకుంటుంటారు. నేను తలుపు తీయగానే బైబిలు తెరుస్తారు. వాళ్లందరికీ ఫోన్లో ఒక గ్రూపు ఉంది, నన్ను కలపలేదు. అడిగితే, నీకు చెబితే అన్నయ్యకి చెప్పినట్టేగా అన్నారు."

"నేను వాళ్ల మాటలు నీకెప్పుడూ చెప్పలేదు కదమ్మా. నీ మాటలు వాళ్లకీ..."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. వాళ్లకెలా తెలుస్తుంది? ప్రతివారం నన్ను ముందు దింపేస్తావు. నేను దిగాకే మాటలు మొదలవుతాయని అందరికీ తెలుసు. నేను వినకూడని దాన్ని అని నువ్వే చూపిస్తున్నావు కదా. నేను దిగుతుంటే అందరూ పక్కకు జరిగి దారిస్తారు నాన్నా, ఎప్పుడు దిగుతానా అన్నట్టు."

మా ఆయన ముఖంలోకి నేను చూడలేకపోయాను.

"వాళ్లందరూ నీకు చెప్పుకుంటారు. మరి నేనెవరికి చెప్పుకోవాలి?" అంది.

ఆయన ముందుకొచ్చి దాని తల మీద చెయ్యి వేశారు. కళ్లు మూసుకున్నారు. "ప్రభువా" అన్నారు మెల్లగా.

అమ్మాయి ఆ చేతిని పట్టుకుని కిందకు దించింది.

"ఇప్పుడే ప్రార్థన వద్దు నాన్నా. ప్రార్థన చేస్తే అయిపోయినట్టు. నాకింకా అవ్వలేదు."

ఆయన కళ్లు తెరిచారు. అలవాటు కొద్దీ నేనూ మూసుకున్నానని అప్పుడే తెలిసింది, నేనూ తెరిచాను. ఆయన మళ్లీ వెళ్లి ఫ్రిజ్‌కు ఆనుకుని నిలబడ్డారు.

"చెప్పమ్మా" అన్నారు.