పులి అడిగితే మేనేజర్ వచ్చాడు

పులి చెవి కుట్టాల్సిన చోట మనిషి చెవి మొదలైంది.

మొదట అది ఎవరి కంటా పడలేదు. ఎంబ్రాయిడరీ మిషన్ సూది టకటకమని పరిగెడుతోంది. పిన్ని ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో కొత్త దారం రీలు విప్పుకుంటోంది. పక్షి లాప్‌టాప్‌లో తలదూర్చి కూర్చుంది.

పక్షి అంటే పిన్నికి అక్క కూతురు. ఎంబ్రాయిడరీ మిషన్లకు బొమ్మలు పంపే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో పని. బయటికి వదలబోయే ముందు ఆ సాఫ్ట్‌వేర్ ఏ మిషన్‌తో పడుతుందో, ఏ మిషన్‌తో తగువు పెట్టుకుంటుందో చూసి చెప్పాలి. ఏది చేతికిచ్చినా "ఇది ఎక్కడో తన్నేస్తుంది" అనడం ఆమె అలవాటు. అలా అనడానికే జీతం ఇస్తూ కూడా, ఆఫీసు వాళ్ళు ఆమెకి శకునపక్షి అని పేరు పెట్టారు. తర్వాత అంత పొడుగు పిలవడానికి బద్ధకమై పక్షి చేసేశారు.

ఆ సాయంత్రమే కొత్త వెర్షన్ రిలీజ్. ఆఫీసులో ఉన్న మిషన్లన్నిటి మీదా దాని పరీక్ష వెర్షన్ చక్కగా నడిచింది. కానీ అవన్నీ కొత్తవి. పాత మిషన్ ఒకటి ఉండేది గానీ, మసాజ్ కుర్చీకి చోటు కావాలని దాన్ని బయటికి నెట్టేశారు. ఊరూరా దర్జీ కొట్లలో మాత్రం ఇంకా ఆ పాతవే దడదడలాడుతున్నాయి. అందుకే పక్షి పొద్దున్నే పిన్ని కొట్టుకి వచ్చి పడింది. పిన్ని దగ్గర ఆ రకం మిషన్ ఉంది. పేరు తాతమ్మ.

"ఏమే, పులికి బట్టతల ఉంటుందా?" అంది పిన్ని.

పక్షి తలెత్తింది. పులిని కుట్టమని వాలీబాల్ జట్టు ఇచ్చిన జెర్సీ మీద గుండ్రటి నున్నని తల ఒకటి తేలుతోంది. పక్కన చేటంత చెవి. తాతమ్మ క్షణం ఆగి, ఊపిరి పీల్చుకుని, నల్లదారంతో మీసం అందుకుంది.

పక్షి గుండె జారి లాప్‌టాప్ మీద పడింది.

"పాత గుడ్డపీలిక మీద కుట్టమన్నాను కదా పిన్నీ! జెర్సీ ఎందుకు పెట్టావ్?"

"నీ సాఫ్ట్‌వేర్ మీద నమ్మకంతో పెట్టానే తల్లీ. ఇంతకీ ఎవరీ మహానుభావుడు?"

"మా మేనేజరు."

పిన్ని కళ్ళజోడు సర్దుకుని మరోసారి చూసింది. "పాపం, మనిషిని చూళ్ళేదు గానీ బాగానే వచ్చాడు."

"ఆపు పిన్నీ, ముందు దాన్ని ఆపు!"

"సగంలో ఆపితే గుడ్డ ముడుచుకుపోతుంది. ఈ కొట్లో మొదలెట్టిన బొమ్మ పూర్తవ్వాల్సిందే. దేవుడైనా సరే, మీ మేనేజరైనా సరే."

ఆ బొమ్మ గీసింది పక్షే. అందులో వేళాకోళం సగం, వృత్తిధర్మం సగం. మిషన్‌ని పరీక్షించాలంటే ఒత్తుగా కుట్టే చోటు కావాలి, అది మీసం. వంపు కావాలి, అది చెవి. సన్నగీతలు కావాలి, అవి నుదుటి మీది చిరాకు ముడతలు. ఏమీ కుట్టకుండా వదిలేసే ఖాళీ కావాలి, దానికి ఆ తలని మించిన చోటు లేదు. ఇన్నీ ఒకే మొహంలో దొరుకుతుంటే వేరే బొమ్మ వెతకడం శుద్ధ దండగ అనిపించింది. పరీక్ష బొమ్మల కట్టలో దాన్నే అన్నిటికన్నా ముందు పెట్టింది. రిలీజ్‌కి ముందు ఆ కట్ట తీసేస్తారు, ఎవరి కంటా పడదు అనుకుంది.

పక్షి పులిని తీసి పువ్వు పంపింది. ఈసారి పిన్ని పీలిక పెట్టింది. మేనేజర్ వచ్చాడు. పువ్వు తీసి ఒట్టి అక్షరాలు పంపింది. మళ్ళీ మేనేజరే, అదే చిరాకుతో.

సంగతి అర్థమైంది. కొత్త వెర్షన్ పంపే ఫైలు తాతమ్మకి చదవడం రాదు. రాదని చెప్పే మర్యాద సాఫ్ట్‌వేర్‌కి లేదు. తడబడి, తన దగ్గర పాత రకం ఫైళ్ళుగా ఉన్న పరీక్ష బొమ్మల్లో మొదటిది దాని చేతికందిస్తోంది. అంటే ఆ కట్ట ఇంకా లోపలే ఉంది!

ప్రోగ్రామర్‌కి ఫోన్ చేసింది. ఎవరే తప్పు చూపించినా "నా దగ్గర బానే ఉంది" అంటాడు గనక ఆయన పేరు బానేఉంది.

"బొమ్మల కట్ట తీశావా?"

"నా దగ్గర బానే ఉంది."

"తీశావా లేదా?"

"ఎవరు చూస్తార్లే అని ఉంచేశాను. ఏం, ఏమైంది?"

"ఈ సాయంత్రం తర్వాత పాత మిషన్ ఉన్న ప్రతి కొట్లోనూ మేనేజర్ మొహం వస్తుంది. చొక్కాల మీదా, దిండు గలీబుల మీదా, పసిపిల్లల టోపీల మీదా."

"రిలీజ్ ఆపడం నా చేతిలో లేదు. ఆయన్నే అడగాలి. నేనీ ఫోన్ ఎత్తలేదు."

కథ అక్కడే పీటముడి పడింది. పక్షి ఇదివరకు ఒకసారి ఊరికే కంగారుపడి రిలీజ్ ఆపించింది. తీరా చూస్తే మిషన్ ప్లగ్గు ఊడి ఉంది. ఆ రోజు మేనేజర్ అందరి ముందూ తేల్చేశాడు: "మళ్ళీ సాక్ష్యం లేకుండా శకునం పలికావంటే ఫిర్యాదుల ఫోన్ల దగ్గర కూర్చుంటావ్." సాక్ష్యం అంటే ఆ ఆఫీసులో ఒకటే అర్థం. తప్పు కుట్టిన గుడ్డ టేబుల్ మీద పెట్టాలి. గుడ్డ పెడితే ఆయన మొహం ఆయనకే కనిపిస్తుంది, గీసింది ఎవరని అడుగుతాడు, ఉద్యోగం ఊడుతుంది. పెట్టకపోతే రిలీజ్ అవుతుంది, రేపు ఊరూరా ఉన్న దర్జీలంతా ఫోన్ చేస్తారు, తప్పు ముందే పట్టుకోనందుకు ఆ ఫోన్లు ఎత్తేది తనే.

"కత్తెర ఇలా ఇవ్వు పిన్నీ," అంది మేనేజర్ వచ్చిన పీలిక ఒకటి అందుకుని.

పావుగంటలో ఆఫీసుకి చేరి, మేనేజర్ మీటింగు అయ్యేదాకా రెండు గంటలు కాచుకుని, చివరికి ఆయన ముందు నిలబడింది. టేబుల్ మీద అరచేయంత గుడ్డముక్క.

"ఏంటమ్మా ఇది?"

"చెవి సార్. పులి అడిగితే ఇది వచ్చింది."

"పులికి చెవులుండవా?"

"ఉంటాయి సార్. ఇది మనిషి చెవి."

మేనేజర్ గుడ్డని వెలుగులో పెట్టి, దూరంగా, దగ్గరగా చూశాడు. "ఎవరి చెవి?"

పక్షి ఆయన చెవుల వంక చూడకుండా ఉండటానికి గోడ మీది గడియారాన్ని, ఫ్యాన్‌ని, కిటికీ చువ్వల్ని ఒకటొకటిగా చూసింది. "మామూలు చెవి సార్. అందరికీ ఉండేదే."

"ఇంత చెవి అందరికీ ఉండదు," అన్నాడు మేనేజర్ అనుమానంగా. "మిగతా గుడ్డేదీ?"

"చిరిగిపోయింది సార్."

"కత్తిరించినట్టు చిరిగిందా?" ఆయన కుర్చీలోంచి లేచాడు. "పద. ఆ మిషన్ నా కళ్ళ ముందు కుట్టాలి. పులి వచ్చిందా, సాయంత్రం రిలీజు, రేపట్నుంచి నువ్వు ఫోన్ల దగ్గర. రాలేదా, అప్పుడు మాట్లాడదాం."

కొట్టు రెండు వీధుల అవతల. దారి పొడుగునా పక్షి చున్నీ చాటునుంచి పిన్నికి ఫోన్ చేస్తూనే ఉంది, మిగతా గుడ్డలు దాచేయమని చెబుదామని. తాతమ్మ రొదలో పిన్నికి పిడుగు పడినా వినపడదు. మేనేజర్ ముందు నడుస్తున్నాడు. వెనకనుంచి చూస్తే ఎండ ఆ రెండు చెవుల్లోంచి ఎర్రగా దిగుతోంది. గీసినప్పుడు కాస్త పెద్దవి చేశాననుకుంది గానీ, తగ్గించే గీసిందని ఇప్పుడు తెలిసింది.

కొట్టు గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే పక్షి పైప్రాణాలు పైనే పోయాయి.

ఊరికే కూర్చునే మనిషి కాదు పిన్ని. అమ్మాయి లాప్‌టాప్ వదిలి వెళ్ళాక, తాతమ్మ దారికొస్తుందేమోనని తనే బటన్లు నొక్కుతూ కూర్చుంది. నొక్కినప్పుడల్లా మేనేజర్ వచ్చాడు. వచ్చినప్పుడల్లా పూర్తయ్యేదాకా కుట్టనిచ్చింది. పూర్తయిన వాటిని పారేయడానికి మనసొప్పక, క్లిప్పులు పెట్టి తీగ మీద వరసగా ఆరేసింది. తీగ నిండా మేనేజర్లు. ఫ్యాన్ గాలికి అందరూ కలిసి అడ్డంగా తల ఊపుతున్నారు.

పిన్ని ఆయన్ని చూడగానే మొహం చేటంత చేసుకుంది. "రండి బాబూ, రండి! పొద్దున్నుంచీ మీతోనే సరిపోతోంది నాకు. మంచినీళ్ళు తాగుతారా?"

మేనేజర్ మెల్లగా తీగ దగ్గరికి నడిచాడు. ఎర్ర మేనేజర్‌ని చూశాడు, పచ్చ మేనేజర్‌ని చూశాడు, దారం చాలక సగం ఎర్ర సగం నీలం అయిన మేనేజర్‌ని చూశాడు. చెయ్యి దానంతటదే వెళ్ళి తన చెవిని తడుముకుంది.

"ఎవరు గీశారు?"

"నేనే సార్," అంది పక్షి. దాచడానికి ఇంకేం మిగల్లేదు. "మీసం ఒత్తు కుట్టుకి సార్. చెవి వంపుకి. ముడతలు సన్నగీతలకి."

"మరి తల?"

"ఖాళీ కోసం సార్."

పిన్ని గబుక్కున అటు తిరిగి దారం రీళ్ళు సర్దుకుంది. భుజాలు మాత్రం ఎగురుతున్నాయి.

"పులిని పంపు," అన్నాడు మేనేజర్.

పక్షి పంపింది. తాతమ్మ ఓసారి మూలిగి అందుకుంది. ముగ్గురూ చుట్టూ నిలబడి చూశారు. నున్నని తల వచ్చింది. చెవి వచ్చింది. మీసం మొదలయ్యేసరికి మేనేజర్ జేబులోంచి ఫోన్ తీశాడు.

"రిలీజ్ ఆపు. కారణమా? పాత మిషన్లతో పడటం లేదు."

ఫోన్లో బానేఉంది గొంతు బయటికే వినపడింది. "నా దగ్గర బానే ఉంది సార్."

"నీ దగ్గర బానే ఉంటుందయ్యా! ఇక్కడ గోడకీ గోడకీ మధ్య నేనే ఉన్నాను!"

అప్పుడే వాలీబాల్ కోచ్ జెర్సీ చూసుకుందామని లోపలికి వచ్చాడు. తీగని చూశాడు, మేనేజర్‌ని చూశాడు, మళ్ళీ తీగని చూశాడు. పిన్ని సర్దిచెప్పబోయింది. "కుట్లు ఊడదీసి పులిని వేసేస్తాను బాబూ, పాత పద్ధతిలోనే వేస్తాను."

"వద్దండి!" అన్నాడు కోచ్. "పులి ప్రతి జట్టుకీ ఉంది. నెట్టు అవతల్నుంచి ఈ చూపు చూస్తే ఎవడైనా బంతి వదిలేస్తాడు. అన్నిటికీ ఈయన్నే వేసేయండి."

మేనేజర్ పొంగాలో కుంగాలో తేల్చుకోలేకపోయాడు. మీసం ఒకసారి దువ్వుకుని పక్షి వైపు తిరిగాడు. ఫోన్ల కుర్చీ అప్పటికే ఆమె కళ్ళ ముందు తిరుగుతోంది.

"సాక్ష్యం చాలా గట్టిగా ఉందమ్మా. ఫోన్ల దగ్గరికి పంపను. ఆ మసాజ్ కుర్చీ తీయించి పాత మిషన్ మళ్ళీ తెప్పిస్తాను." పక్షి ఊపిరి పీల్చుకునేలోపే ఆయన పిన్ని సుద్దముక్క అందుకున్నాడు. "కానీ పరీక్ష బొమ్మ మారుతుంది. ఇకనుంచి నీ మొహం. గీసేది నేను."

పిన్ని కత్తిరింపుల బల్ల మీద, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, కక్షకొద్దీ గీశాడు. ఆయనకి బొమ్మలు వేయడం రాదు. అది ఆయనకి అడ్డు రాలేదు.

కొత్త వెర్షన్ సిద్ధమయ్యాక పక్షి మళ్ళీ పిన్ని కొట్టుకే వచ్చింది. కొత్త రకం ఫైలు పంపితే సాఫ్ట్‌వేర్ ఈసారి తాతమ్మ తరఫున మర్యాదగా "ఇది నాకు చదవడం రాదు" అని తెర మీద చెప్పి చేతులు ముడుచుకుంది. పాత రకంలో పరీక్ష బొమ్మ పంపితే తాతమ్మ వెంటనే అందుకుంది. సొరకాయంత ముక్కు, చీపురంత జుట్టు, ఒకదాన్నొకటి పలకరించుకుంటున్న కళ్ళు, చివర్లో ఏ అవసరమూ లేకపోయినా ఒక తోక.

పరీక్ష అన్నివిధాలా నెగ్గింది. పక్షి మాత్రం ఆ గుడ్డ వంక చాలాసేపు చూసింది.

"ఇందులో నా పోలిక ఎక్కడైనా ఉందా పిన్నీ?"

పిన్ని కళ్ళజోడు ఎగదోసుకుని గుడ్డని చూసింది, పిల్లని చూసింది. "చెప్పుకోకూడదు గానీ, తోకతో సహా నువ్వేనే!" అని, క్లిప్పు తీసుకుని తీగ మీద మేనేజర్ పక్కనే ఆరేసింది.