రాకాసిగోడ

ఊరినించి తమ్ముడు బైరాగి వచ్చాడని దాలమ్మ పొద్దున్నే ఖిదిర్‌పూర్ బజారుకి వెళ్లి మంచి చేప తెచ్చి వండింది. కడుపునిండా తిన్నాక వాడు అసలు సంగతి బయటపెట్టాడు. ఊరి కొండమీద క్వారీ పెడతాడట. కొండ అందరిదీ గనక, ఇక్కడికి వలసొచ్చి ఓడరేవు డాకులో పనిచేసే ఊరివాళ్లు కూడా సరేననాలట.

"ఏ కొండరా? రాకాసిగోడ కొండేనా?"

"అదేనప్పా. మనకింకో కొండేటుంది?"

ఆ కొండనెత్తిన పెద్దపెద్ద బండలు సున్నం లేకుండా పేర్చిన కోటగోడ ఉంది. రాజుల కాలంకంటే ముందటిదనీ, ఇనుము ఎరగని మనుషులు కట్టిందనీ ఎప్పుడో చూడవచ్చిన చదువుకున్నవాళ్లు చెప్పారు. ఊరికి మాత్రం అది తుఫాను గోడ. సముద్రం ఊళ్లోకి వచ్చిననాడు ఊరంతా అక్కడికే ఎక్కింది. నిండుచూలాలైన తల్లి ఆ గోడ చాటునే బైరాగిని కన్నది. అప్పటికి చిన్నపిల్లయిన దాలమ్మ తల్లికి చీర అడ్డం పట్టింది.

"నువ్వు పుట్టిన చోటురా అది!"

"పుట్టిన చోటని పట్టుకు ఏలాడితే బతుకెలాగెల్తాదప్పా?"

దాలమ్మ కంచం విసురుగా తీసేసింది.

సాయంత్రం వాట్‌గంజ్‌లో యూనియన్ గదిలో మగవాళ్లు కూడారు. ఎర్రజెండా కింద నిలబడి బైరాగి అమ్మవారికి గుడి కట్టిస్తానన్నాడు, కుర్రాళ్లకి పనులిప్పిస్తానన్నాడు. తలలు ఊగాయి. గుమ్మంలో వింటున్న దాలమ్మ లోపలికి వచ్చేసింది.

"ఆడోళ్లకిక్కడేటి పని? ఇంటికెల్లు," అన్నాడు మొగుడు గవరయ్య.

"ఎల్లను! తుఫానునాడు నీయమ్మ ఏ గోడ ఎనకాల దాగింది? ఈళ్లందరి అమ్మలూ ఎక్కడ దాగేరు? అది సెప్పు, ఎల్తాను."

అందరికంటే పెద్దవాడు కోదండం ముందుకి వచ్చాడు. "ఒరే బైరాగీ, గోడ ఒగ్గీసి అవతలి పక్క రాయి కొట్టుకోరాదేటి?"

"ఇంకేటొగ్గడం మావా? తూరుపు గోడ కిందటి నెల్లోనే పేల్చీసినాం."

దాలమ్మకి ఒళ్లు మండిపోయింది. ఒక్క అంగలో వెళ్లి తమ్ముడి చొక్కా పట్టుకుంది. "అడగడానికొచ్చేవా, పేల్చీసి సెప్పడానికొచ్చేవా? ఈ మడుసులు నీకు గంగిరెద్దుల్లాగ అగుపిస్తన్నారా?" అంటూ చెంప పగలగొట్టింది.

ఎవరూ ఆమెని ఆపలేదు. గవరయ్యే లేచి, "నా ఇంట్లో తిని, నా నెత్తిన సెయ్యెట్టినావురా!" అని బైరాగిమీద అరిచాడు. గదంతా గోలయిపోయింది. క్వారీకి సరేనంటూ ఒక్క చెయ్యి కూడా లేవలేదు. మర్నాడు కోదండం తానే రైలెక్కి వెళ్లి ఇక్కడివాళ్లు ఒప్పుకోలేదన్న మాట ఊళ్లో చెప్పాడు. క్వారీ ఆగింది.

"గోడ నిలబెట్టీసినావు కదే, ఇంకా ఎందుకా మొకం?" అన్నాడు గవరయ్య కొన్నాళ్లకి.

"తూరుపు పక్క ఎవుడు నిలబెడతాడు?" అంది దాలమ్మ.

వేసవిలో ఊరెళ్లి కొండెక్కింది. తూర్పున గోడ ఉన్నచోట తెల్లగా పగిలిన రాతి గొయ్యి కనిపించింది. కిందినించి బైరాగి మజ్జిగ చెంబుతో ఎక్కి వచ్చి, "అప్పా, ఎండగుంది, తాగు," అన్నాడు. ఆమెకి నోరెండిపోతోంది. అయినా ఆ చెంబు ముట్టుకోలేదు. వాడి పక్కనించే, వాడి మొహం చూడకుండా కొండ దిగిపోయింది.