సరిచూసిన మనిషి

ఇమెల్డా కిరోగా, వెండెల్ హాస్కిన్స్ మా శాన్ డియాగో ఆఫీసులో ఏళ్ల తరబడి ఒకే గదిలో పనిచేశారు. నా బల్ల ఆ గది పక్కనే. వాళ్ల వాదనలు, నవ్వులు అన్నీ నా చెవిన పడుతుండేవి.

మా పని వీడియోని చిన్నది చేసి పంపడం. కెమెరాతో తీసిన దృశ్యాలతో పెద్ద ఇబ్బంది లేదు. కంప్యూటర్ తెరని అవతలివాళ్లకి చూపించాలంటేనే చిక్కు, అక్షరాలు అలుక్కుపోయేవి. తెర మీద అవే అక్షరాలు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి, ప్రతిసారీ కొత్తగా పంపకుండా "ఇందాక పైన వచ్చిన ముక్కే ఇక్కడా పెట్టుకో" అని చెబితే చాలు. ఈ ఆలోచన చాలామందికి వచ్చిందే. కానీ ఆ పాత ముక్క ఎక్కడుందో వెతకడానికే ప్రాణం పోయేది.

దారి దొరికింది ఇమెల్డాకి. మధ్యాహ్నం భోజనానికి రొట్టెలో చుట్టిన చేపల టాకో తింటూ, "ప్రతి ముక్కకీ దాని రంగుల్ని బట్టి ఒక నంబరు వేద్దాం. అదే నంబరున్న ముక్కల్లోనే వెతుకుదాం" అంది.

"ముందు చొక్కా మీద పడ్డ సల్సా పచ్చడి తుడుచుకో తల్లీ," అన్నాడు వెండెల్.

అలా చేసి చూస్తే, తెల్లగా ఖాళీగా ఉన్న ముక్కలన్నిటికీ ఒకే నంబరు వచ్చి వెతుకులాట మళ్లీ మొదటికొచ్చింది. ఆ చలికాలమంతా కూర్చుని, ఖాళీ ముక్కల్ని పక్కన పెట్టే ఉపాయం కూడా ఆమే కనిపెట్టింది. ఇక అన్ని కంపెనీలూ కూర్చుని ప్రమాణాలు ఖాయం చేసే సమావేశంలో పెట్టడమే తరువాయి.

"ఈసారికి ఆగుదాం ఇమీ. ఇంకా పచ్చిగా ఉంది, నవ్వులపాలవుతాం," అన్నాడు వెండెల్. ఆమె ఆగింది.

కొద్ది వారాలకే అతను పోటీ కంపెనీకి వెళ్లిపోయాడు. వీడ్కోలుకి ఇమెల్డాయే పాల కేకు చేసి తెచ్చింది.

వేసవిలో ఫోన్ చేశాడు. "మా ప్రతిపాదన ఒకటుంది. రూలు ప్రకారం బయటి కంపెనీవాళ్లు ఎవరైనా పరీక్షించి చూడాలి. నువ్వు చేస్తావా?"

"అడగాలా? పంపు," అంది సంతోషంగా.

పంపింది తెరిచి చూస్తే ఆ నంబర్లు, ఆ ఖాళీ ముక్కలు, అన్నీ ఆమెవే. పైన పేరు మాత్రం వెండెల్ ఒక్కడిదే. ఆమె నా ఎదురుగానే అతనికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టింది.

"ఇది నాది, వెండెల్."

"మనిద్దరిదీ. ఒకే గదిలో మాట్లాడుకున్నదానికి నీదేంటి, నాదేంటి?"

"మరి నన్నెందుకు ఆగమన్నావు?"

"అప్పటికే ఇక్కడ ఉద్యోగం ఖాయమైంది," అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టేసింది. పైవాళ్ల దగ్గరకి వెళ్తే, మిగతా విషయాల్లో ఆ కంపెనీ మద్దతు మనకి కావాలి, గొడవ చేయొద్దన్నారు. నాకు ఒళ్లు మండింది. "ఫలితాలు సరిపోలేదని రాసెయ్. ఎవడొచ్చి చూస్తాడు?" అన్నాను.

"అది పనిచేస్తుంది. నేను చేసినదాన్ని నేనే తప్పని ఎలా రాయను?" అంది.

సమావేశం వాంకూవర్‌లో. ఇమెల్డాతో నేనూ వెళ్లాను. వెండెల్ లేచి చక్కగా చెప్పాడు. ఖాళీ ముక్కల్ని ఎందుకు వదలాలో వివరించినప్పుడు ఇమెల్డా మాటలే, ఆమె ఇచ్చే ఉదాహరణే, మధ్యలో ఆమె వేసే జోకుతో సహా. హాలంతా నవ్వింది. నా పక్కన ఇమెల్డా తల దించుకుంది.

"సరిచూసినవాళ్లు ఏమంటారు?" అని అధ్యక్షుడు అడిగాడు.

ఆమె లేచి మైకు దగ్గరకి వెళ్లింది. "ప్రతి పరీక్షా నడిపి చూశాను. వాళ్లు చెప్పినట్టే వచ్చింది." ప్రతిపాదన ఆమోదం పొందింది.

బయట వెండెల్ చెయ్యి చాపాడు. "నువ్వు నిజాయితీగా చేస్తావని తెలుసు. అందుకే నిన్ను అడిగాను."

"తెలిసే అడిగావన్నమాట," అని, ఆ చెయ్యి అందుకోకుండా వెళ్లిపోయింది.

ఇమెల్డా ఇప్పటికీ మాతోనే ఉంది. పనిలో లోటేమీ లేదు. కాకపోతే భోజనాల దగ్గర, "ఇప్పుడేం చేస్తున్నావు?" అని నేనడిగినా సరే, "పూర్తయ్యాక చెబుతా," అంటుంది.