స్కూటరు నేర్పిన పని

రెండు వేల తొమ్మిది, ఆగస్టు పద్నాలుగు, శుక్రవారం. ఆ మధ్యాహ్నం వీరబ్రహ్మం కుబ్బూసు రొట్టె మీద ఎర్రకారం పూసుకుని తిన్నాడు. కారం పెంచలమ్మ నూరి పంపింది. ప్రయాణం హడావుడిలో ఉప్పు రెండుసార్లు వేసినట్టుంది. అయినా సీసా మూత పెట్టబుద్ధి కాలేదు. రేపటి నుంచి ఈ సలాలా ఊళ్లో తనకు ఆ కారం నూరి పంపేవాళ్లు ఉండరు.

రేపు తెల్లవారకముందే బయలుదేరి ఆమెను తన కారులో మస్కట్‌కు తీసుకుపోవాలి. వెయ్యి కిలోమీటర్ల దారి, ముప్పాతిక వంతు ఎడారి. రాత్రికి ఆమె విమానం. కడపలో ఆమె కూతురు ఆశకు నెలలు నిండాయి. ఇక్కడి వానకాలం చూడవచ్చిన జనంతో బస్సులన్నీ నిండిపోయాయి. "నేను దింపుతానులేమ్మా" అని మాటిచ్చింది వీరబ్రహ్మమే. అతని భార్య శ్రీలత ఇక్కడి ఆసుపత్రిలో మంచం పట్టినప్పుడు, పెంచలమ్మ తాను పనిచేసే ఇంట్లో అడిగి అడిగి శుక్రవారాలు సెలవు తీసుకునేది. వచ్చి, శ్రీలతకు తల దువ్వి జడ వేసిపోయేది. ఆఖరి జడ కూడా ఆమె చేతిదే.

అంత దూరం పోయే బండికి సర్వీసు చేయించాలి. వానకాలం రద్దీలో ఏ గ్యారేజీవాళ్లూ తీసుకోలేదు. రైసూత్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసే వీరబ్రహ్మం గురువారం సెలవంతా తానే చొక్కా విప్పి పనిలోకి దిగాడు. ఇంజినాయిలు మార్చాడు, ప్లగ్గులు తుడిచాడు, గాలి ఫిల్టరు కడిగి శుభ్రం చేశాడు. సాయంత్రం చేతులు కడుక్కుంటూ, చాలా కాలానికి, కాస్త గర్వపడ్డాడు కూడా.

శుక్రవారం భోజనం చేసి, పెట్రోలు పోయించుకుని వస్తుంటే మీటర్ల పక్కన ఇంజిన్ బొమ్మ పసుపుపచ్చగా వెలిగింది. ఎత్తు ఎక్కేచోట బండి ఈడ్చింది. ఆగినచోట వణికింది.

కార్ల కరెంటు పని చేసే ప్రొద్దుటూరు షఫీ పక్క బిల్డింగులోనే ఉంటాడు. కబురందగానే చిన్న మిషను ఒకటి చేతిలో పట్టుకుని వచ్చాడు.

"ఏం సార్, బండికి ఆపరేషన్ చేసినావంట? పేషెంటు బతికుండాదా?"

"బతికే ఉంది షఫీ. ఊపిరే ఆడటం లేదు."

షఫీ స్టీరింగు కింద మిషను తగిలించి చూశాడు. "గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అంటాంది. పొగగొట్టం కాడుండే సెన్సారు పోయుంటాది. అది మస్కట్ నుంచి రావల్ల."

"రేపటికి?"

"రేపటికి యాడ వస్తాది సార్! ఈ లైటుతో మస్కట్‌కు పోయే హైమా దారి పట్టద్దు. మా ఇంటామె హసీనాను గూడ నీతోనే మస్కట్‌లో వాళ్లక్కింటికి పంపిస్తాండా. ఇద్దరాడోళ్లను పెట్టుకోని ఆ ఎడార్లో నిలబడిపోతే, పలకరించేదానికి ఒంటె గూడ దొరకదు."

అంతలో పెంచలమ్మ ఫోను. "అన్నా, పెట్టె కట్టేసినా. బండెట్లుండాది?"

"లైటొకటి వెలుగుతోందమ్మా."

"వెలిగితే మంచిదే గదన్నా! ఆరిపోతే గదా ఏడ్సాల్సింది" అని నవ్విందామె. రాలేనేమో అనబోయి వీరబ్రహ్మం ఫోను పెట్టేశాడు.

తుంపర ఆగకుండా పడుతోంది. అతను బానెట్టు కింద తల పెట్టి ఊరికే నిలబడ్డాడు. నడుము లాగేస్తోంది. కూర్చుంటే మళ్లీ లేవలేననిపించింది. ఫ్యాక్టరీలో లెక్క తేలనప్పుడు ఆఖరి పద్దు నుంచి వెనక్కి పోతాడు. ఇక్కడా అంతే చేశాడు. బండి నిన్నటిదాకా బాగుంది. పాడైంది తన చెయ్యి పడ్డాకే. చివర చేసిందేమిటి? గాలి ఫిల్టరు.

ఫిల్టరు ఉండే డబ్బా తెరిచాడు. ఆయిలు వాసన గుప్పుమంది. మడతలు మడతలుగా ఉండాల్సిన కాగితం ఫిల్టరు నూనెలో నానిన అప్పడంలా వాలిపోయి ఉంది.

"షఫీ, దీన్ని నేను పెట్రోలుతో కడిగి, ఆయిలుతో తడిపి పెట్టాను."

"ఆయిలా? ఎందుకు సార్?"

"కడపలో నా స్కూటరుకు అట్లాగే చేసేవాణ్ణి. కడగడం, చెంచాడు ఆయిలు పొయ్యడం, పిండి పెట్టడం."

షఫీ నెత్తి కొట్టుకుని పడీపడీ నవ్వాడు. "అది స్పాంజీ సార్! ఇది కాగితం! మా నాయన గూడ స్కూటరుకు అట్లే చేస్తాండె." నవ్వు తగ్గాక డబ్బా వెనక గొట్టంలోకి వేలు చూపించాడు. అక్కడొక చిన్న సెన్సారు. వచ్చే గాలి ఎంతో కొలిచే సన్నతీగ దానిలో ఉంటుంది. ఆ తీగంతా జిడ్డు. "ఇద్దో, దీని కండ్లకు ఆయిలు పూసినావు. గాలి తక్కువ వస్తాందనుకోని పెట్రోలు తగ్గిచ్చేసింటాది. నేను గూడ డబ్బా తెరవకుండానే పొగగొట్టం మీద పడితి."

సాయంత్రం మగ్రిబ్ నమాజు తర్వాత షాపులు తెరిచారు. కొత్త ఫిల్టరు దొరికింది. షఫీ స్ప్రే కొట్టి తీగను శుభ్రం చేశాడు. అది ఆరేదాకా ఇద్దరూ మెట్ల మీద కూర్చుని పాలు లేని సులేమానీ టీ తాగారు. తర్వాత మిషనుతో బండిలో నమోదైన పాత తప్పు చెరిపి, తాళం తిప్పారు. వణుకు లేదు. బొమ్మ వెలగలేదు.

అయినా వీరబ్రహ్మానికి నమ్మకం చాలలేదు. షఫీని పక్కన కూర్చోబెట్టుకుని తుమ్రైత్ వైపు కొండ ఎక్కాడు. మంచులో రోడ్డు మీది తెల్లగీత తప్ప ఏమీ కనబడలేదు. బండి మాత్రం మూలగకుండా ఎక్కింది. కొండ కొసన మంచు తెగిపోయి, ఒక్కసారిగా చుక్కలు కనబడ్డాయి. షఫీ మిషను చూసి తలూపాడు. "పోయి రా సార్. ఆయిలు డబ్బా మాత్రం ఈడనే పెట్టిపో."

వచ్చేదారిలో పెంచలమ్మ పనిచేసే ఇంటి వెనక బండి ఆపారు. పెట్టె ముందే ఎక్కించుకుంటే తెల్లవారి తేలిక. ఆమె చెప్పుల్లేకుండానే వచ్చింది, ఇంట్లో ముసలామె నిద్రపోతోందని.

"లైటు ఆరిందాన్నా?"

"ఆరిందమ్మా. ఈ లైటు ఆరితేనే మంచిది."

"అట్లనా! నాకేం తెలుసు." డిక్కీలో పెట్టె సర్దుతుంటే ఆమె చెయ్యి దాని మీదే ఒక్క నిమిషం నిలిచింది. "ఇంక పొద్దున నువ్వు రాకుంటే నా చీరలన్నీ నీకే."

"వస్తాను. నాకవి నప్పవు."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. లోపల ముసలామె దగ్గు వినబడితే గబగబా పోయి, వంటింటి తలుపు కిర్రుమనకుండా చేత్తో కాస్త పైకెత్తి పట్టి, మెల్లగా మూసుకుంది.